మంచినీళ్ళతో మూడుసార్లు

ఆ దీవిలో నేను దిగింది సోమవారం ఉదయం ఏడూ నలభైకి. ఫెర్రీలో పావుగంట ప్రయాణం. వీపున ఫీల్డ్ ప్యాక్, భుజాన డఫెల్ బ్యాగు, చేతిలో అమ్మ బలవంతంగా పెట్టిన కారప్పూస డబ్బా. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. జెట్టీ ఇనుప కమ్మీల మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. గోటితో గీకి చూశాను. రాలలేదు.

పోస్టింగు: వాహనాల సెక్షన్, టెక్నీషియన్. వ్యవధి పదకొండు నెలలు. మనుషులం తొమ్మిది మందిమి, ఐదు టన్నుల ట్రక్కులు పన్నెండు. ఫోన్లో చెబితే నాన్న, "అంటే మెకానిక్కా?" అన్నారు. ఆయన బ్యాంకులో ఐటీ మనిషి. నేను తొమ్మిదో ఏట చీరాల నుంచి సింగపూర్ వచ్చి, చోవా చూ కాంగ్‌లో ఒక ఫ్లాటులో పెరిగి, ఈడు రాగానే ఇక్కడి మగపిల్లలందరిలాగే రెండేళ్ళ సైన్యానికి వెళ్ళాను. యుద్ధం చూడలేదు. తుపాకీ పేల్చింది అట్ట బొమ్మల మీదే. మన తెలుగువాళ్ళ సావనీరుకి "ఆర్మీ అనుభవాలు సరదాగా రాయండి" అన్నారు. కూర్చుంటే ఇది వచ్చింది. సరదాగా లేదు. ముందే చెబుతున్నాను, నేను సిగ్గుపడే సంగతి ఇది.

సెక్షన్ పెద్ద ఒక వారెంట్ ఆఫీసర్. ఇక్కడ వారెంట్ ఆఫీసర్‌ని అందరూ ఎన్‌చిక్ అంటారు. మలయ్‌లో 'అయ్యగారు' లాంటి మాట. యాభై దాటిన పొట్టి మనిషి, మోచేతులదాకా గ్రీజు. నా చొక్కా మీద పేరు చదివి ఆగారు.

"తెలుగోడివేటి?"

ఉలిక్కిపడ్డాను. "అవునంకుల్."

"అంకుల్ మీ ఫ్లాటు కింద. ఇక్కడ ఎన్‌చిక్."

ఆయన పుట్టింది మలేషియాలో, పెరాక్ వైపు ఒక రబ్బరు తోటలో. ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. పదో ఏట సింగపూర్ వచ్చారు. ఆయన తెలుగులో ఆ ఓడ నాటి మాటలూ ఉన్నాయి, మలయ్ మాటలూ ఉన్నాయి. తిండి మకాన్. తుప్పు కరాత్. "ఈ బోల్టుకి కరాత్ పట్టీసినాది" అంటే నాకు మొదటి వారం నవ్వాగలేదు.

రోజూ పదింటికి టీ. నేను కారప్పూస డబ్బా తీస్తే ఆయన ఒక్కో ముక్కా లెక్కపెట్టినట్టు తినేవారు. "మీ వైపు దీన్నేటంటారు? మా అమ్మ ఇంకా లావుగా చేసీది, జంతికలనీది." ఇంట్లో ఆయనతో తెలుగు మాట్లాడేవాళ్ళు లేరు. "పిల్లలకి చెప్తే 'ఓకే లా పా' అంటారు, సరేలే నాన్నా అని. తెలుగులో నవ్వడం కూడా మానీసినారు" అని తనే నవ్వేవారు. ఆ పదకొండు నెలల్లో ఆయనకి దొరికిన తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. దొరక్క దొరక్క నేను దొరికాను.

ఇంకొక్క మాట కూడా టీ దగ్గర తరచూ వచ్చేది. "ఇరవయ్యారేళ్ళు సర్వీసు. నా ఫైల్లో ఒక్క ఎర్రగీత లేదు. వచ్చే ఏడు దిగిపోతాను. అలాగే దిగిపోవాల." ఆయన కోరుకున్నది అదొక్కటే.

మొదటి పాఠం మొదటి రోజే. ఉదయం ఎనిమిదిన్నర, షెడ్డులో, చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని ట్రక్కు కిందకి దూరాం. నేనొకవైపు, ఆయనొకవైపు.

"ట్రక్కు ముసలిదయ్యేది కింద నుంచే. పైన నువ్వెంత రంగెయ్యి, కడుపు చూస్తే తెలిసిపోద్ది."

ట్రక్కులు దీవికి బల్లకట్టు లాంటి పడవ మీద వస్తాయి. దిగేటప్పుడు అల కొడితే సముద్రం ఇరుసుదాకా వస్తుంది. ఆ ఉప్పు ఎక్కడెక్కడ దాక్కుంటుందో టార్చి వేసి ఒక్కొక్కటే చూపించారు. బ్రేకు గొట్టాల క్లిప్పుల వెనక. స్ప్రింగు పట్టీల మధ్య. ఛాసిస్ మడతల్లో. స్పేర్ టైరుని ట్రక్కు కింద మోసే చట్రం బోల్టుల చుట్టూ. పద్ధతి ఇది: మూడుసార్లు కడగాలి. వైరు బ్రష్షుతో రుద్దాలి. ఒక పూట పూర్తిగా ఆరనివ్వాలి. అప్పుడు నల్లటి పూత. తుప్పు రాకుండా అడుగు భాగానికి వేసే ఆ చిక్కటి నల్ల మందుని మేం బ్లాక్ అనేవాళ్ళం.

ఆ బ్లాక్ డబ్బా మీద బొమ్మ ఒకటి ఉండేది. మంచు కప్పిన రోడ్డు, మధ్యలో ట్రక్కు. చలి దేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారట, ఆ ఉప్పు నుంచి కాపాడే మందు అది. ముప్పై మూడు డిగ్రీల ఎండలో చెమటలు కారుతూ ఆ మంచు బొమ్మ చూసి నేను నవ్వితే ఎన్‌చిక్ అన్నారు: "మంచు మనకి లేదు. ఉప్పుంది కదా. ఇనుముకి ఏ దేశం ఉప్పైనా ఒకటే."

ఉప్పు పోయిందో లేదో తెలుసుకోవడానికి డిపోలో పరీక్ష పట్టీలు ఉంటాయి. ఎన్‌చిక్ వాటిని వాడేవారు కాదు. ఛాసిస్ మీద నుంచి కారే ఆఖరి నీటి చుక్కని చూపుడు వేలి మీద పట్టి నాలుక చివర పెట్టుకునేవారు.

"ఉప్పగా ఉంటే మళ్ళీ కడుగు. చప్పగా ఉంటే ఆపు. ఉప్పుండగా బ్లాక్ ఏసినావనుకో, దొంగని లోపలెట్టి తలుపేసినట్టే. బయటికి ఏటీ కనపడదు."

నా చేత కూడా రుచి చూపించారు. డీజిలు, మట్టి, ఆ వెనక ఉప్పు. ఉమ్మేశాను. ఆయన పడీ పడీ నవ్వారు. ఈ పాఠం నాకు రాదని, మరిచిపోయానని చెప్పే వీలు లేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

డిసెంబరు. ఈశాన్య వానలు. రోజూ మధ్యాహ్నం ఒక జల్లు, జల్లు తర్వాత ఉక్క. ఒక శుక్రవారం ఉదయం పదకొండుకి ఏడో నంబరు ట్రక్కు పోటు మీద దిగింది. అల లేచి, నీళ్ళు ఇరుసు దాటి ఛాసిస్ దాకా వచ్చాయి. ఎన్‌చిక్ ఆ రోజు మోకాలి నొప్పికని అవతలి గట్టున డాక్టరు దగ్గర ఉన్నారు. ఏడో నంబరు డ్రైవర్ నా ఈడువాడే. సెంబవాంగ్ వైపు కుర్రాడు, మలయ్. పెళ్ళిళ్ళలో కొంపాంగ్ వాయించేవాడు. మన డప్పు లాంటి వాద్యం. ఖాళీ దొరికితే ట్రక్కు తలుపు మీద వాయిస్తూనే ఉండేవాడు.

పదకొండూ ఇరవైకి రేడియో మోగింది, అవతలి గట్టు నుంచి ఎన్‌చిక్. రేడియోలో ఇంగ్లీషు తప్ప ఇంకో భాష మాట్లాడకూడదు, అది నియమం. నేను ఇంగ్లీషులోనే నివేదించాను. ఎన్‌చిక్ నియమం పక్కన పెట్టేశారు.

"ఇన్నావా? మంచినీళ్ళతో కడగాల. మూడుసార్లు. ఆరకుండా బ్లాక్ ఎయ్యకు. ఓవర్."

"మంచినీళ్ళతోనా ఎన్‌చిక్? ఓవర్."

"మంచినీళ్ళతోనే. ఔట్."

మా ఇంట్లో మంచినీళ్ళంటే తాగే నీళ్ళు. చీరాలలో మా నాయనమ్మ దగ్గర రెండు రకాలు: తాగడానికి మంచినీళ్ళు, వాడకానికి ఉప్పునీళ్ళు. మంచినీళ్ళతో కాళ్ళు కడుక్కుంటే వీపు పగిలేది. చోవా చూ కాంగ్‌లో కొళాయి తిప్పితే తాగే నీళ్ళే వస్తాయి కదా, అయినా అమ్మ వాటిని మరగబెట్టి, చల్లార్చి, సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టాకే మంచినీళ్ళంటుంది. కొళాయివి వాడుకనీళ్ళు. ఎన్‌చిక్ మాటలో మంచినీళ్ళంటే ఉప్పు లేని నీళ్ళు, అంతే. నాకు మాత్రం ఫ్రిజ్‌లో సీసాలు కనబడ్డాయి.

"వాట్ హీ సే?" అన్నాడు డ్రైవర్.

"డ్రింకింగ్ వాటర్‌తో లారీ కడగమంటున్నాడు బ్రో" అని ఇంగ్లీషులో చెప్పాను.

"గిలా ఆ?" అన్నాడు. పిచ్చా అని. ఇద్దరం నవ్వుకున్నాం. శుభ్రంగా కడగమనడానికి పెద్దాయన అలా అన్నాడులే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

షెడ్డు కొళాయి గొట్టం రెండు రోజుల కిందట తవ్వకాల్లో పగిలింది. క్యాంపు నుంచి నీళ్ళ ట్యాంకరు ఒంటిగంటకి రావాలి. రెండైనా రాలేదు. అడిగితే నాలుగున్నరకి అన్నారు. సెలవు మీద ఇళ్ళకి వెళ్ళేవాళ్ళకి ఆఖరి ఫెర్రీ కూడా నాలుగున్నరకే. ట్రక్కు పని పూర్తయిందని రాయకుండా మేమిద్దరం కదలడానికి లేదు. డ్రైవర్‌కి మర్నాడు పొద్దున్నే ఒక పెళ్ళిలో కొంపాంగ్ ఉంది. నాకేమీ లేదు. ఇంటికి వెళ్ళాలని ఉంది, అంతే.

జెట్టీ మీద మంటలార్పే పంపు ఉంది. ఎర్ర గొట్టం, మంచి వేగం. అది లాగేది సముద్రంలోంచి. ఉప్పునీళ్ళు వాడకానికేగా అని నాలోని చీరాల పిల్లాడు అన్నాడు. రెండూ పదికి ట్రక్కుని జెట్టీ మీదకి తీసుకెళ్ళి పంపు వేశాం. బురద మొత్తం అయిదు నిమిషాల్లో లేచిపోయింది.

రెండూ ఇరవైకి నీళ్ళు ఛాసిస్‌కి తగిలి నా మొహం మీద చిమ్మాయి. పెదాలు నాక్కున్నాను. ఉప్పగా ఉంది.

ఇక్కడిదాకా తప్పు మాటది. ఇక్కడి నుంచి నాది. ఆ క్షణంలో ఎన్‌చిక్ చెప్పిన మంచినీళ్ళేమిటో నాకు అర్థమైపోయింది. వేలు పెట్టి చుక్క పట్టక్కర్లేదు, రుచి నోట్లోనే ఉంది. గొట్టం అలాగే పట్టుకుని నిలబడ్డాను. ట్యాంకరు కోసం ఆగితే ఫెర్రీ పోతుంది. శనివారం పోతుంది.

"బ్రో, ఓకే ఆర్ నాట్?" అని డ్రైవర్ క్యాబిన్‌లోంచి అరిచాడు.

"ఓకే, ఓకే" అన్నాను.

మూడుసార్లూ ఆ నీళ్ళతోనే కడిగాను. మూడూ పదికి బ్లాక్ మొదలుపెట్టాను. ఆరలేదు. గుడ్డతో తుడిచి, తడి మీదే వేశాను. స్పేర్ టైరు చట్రం బోల్టుల దగ్గర మందం ఎక్కువ వేశాను, బాగా కనబడాలని. మూడూ యాభైకి పూర్తి. లాగ్ పుస్తకంలో రాశాను: వాష్ మూడుసార్లు, కోటింగ్ పూర్తి. సంతకం చేశాను. ఏ నీళ్ళో రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు. ఉంటే ఏం రాసేవాణ్ణో నాకు తెలుసు, అందుకే ఆ మాట ఎత్తను. ఆ సాయంత్రం అమ్మ గుత్తివంకాయ చేసింది. రెండుసార్లు వడ్డించుకున్నాను.

సోమవారం ఎన్‌చిక్ నొప్పి మోకాలితోనే ఏడో నంబరు కిందకి దూరి టార్చి వేశారు. నల్లగా నిగనిగలాడుతోంది. బయటికి వచ్చి నా భుజం మీద చరిచారు.

"శబాసు. చక్కగా ఏసినావు."

అప్పుడు చెప్పుండాల్సింది. ఒక పూట పని, గీకి మళ్ళీ వేసేవాళ్ళం. చెప్పలేదు. మర్నాడు చెబుదామనుకున్నాను. వారం పోయాక, ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఏం చేశావంటారు అనుకున్నాను. నెల పోయాక ఆ ట్రక్కు వైపు చూడటం మానేశాను.

జూన్. మంగళవారం ఉదయం తొమ్మిదింబావు. వారానికోసారి చేసే తనిఖీ. డ్రైవర్ నేల మీద పక్కకి ఒరిగి, ట్రక్కు కిందకి కుడిచెయ్యి పెట్టి, స్పేర్ టైరు గట్టిగా ఉందో లేదో ఊపి చూశాడు. చట్రం బోల్టులు రెండూ ఒకేసారి తెగాయి. ట్రక్కు టైరు, రిమ్ముతో సహా, అతని చేతి మీద పడింది. అరుపు నేను స్టోరు దగ్గర విన్నాను. నలుగురం కలిసి ఎత్తాం. తొమ్మిదిన్నరకి స్పీడుబోటు ఎక్కించాం. పాలిపోయిన మొహంతో, "బ్రో, మై హ్యాండ్ స్టిల్ దేర్ ఆర్ నాట్?" అని అడిగాడు. ఉందని చెప్పాను. చెయ్యి ఉంది. మూడు వేళ్ళు మాత్రం తర్వాత పూర్తిగా ముడుచుకోలేదు.

పదింటికి టీ లేదు. ఎన్‌చిక్ చక్రాల పలక మీద ఏడో నంబరు కిందకి వెళ్ళారు. నన్నూ రమ్మన్నారు. నేనొకవైపు, ఆయనొకవైపు, మొదటి రోజులాగే. స్క్రూడ్రైవరు కొనతో పూత అంచు లేపారు. దోసె పెనం మీద నుంచి లేచినట్టు పెద్ద ముక్క చెక్కుచెదరకుండా ఊడి వచ్చింది. పైన నిగనిగ. వెనక ఎర్రటి తడి పొడి. ఆయన చూపుడు వేలు ఆ పొడిలో అద్ది నాలుక మీద పెట్టుకున్నారు.

తర్వాత తల తిప్పి నావైపు చూశారు.

గురువారం పదింటికి విచారణ. ఏసీ గది, పొడుగు బల్ల. అడిగింది ఒక కుర్ర కెప్టెన్, పక్కన రాసుకునే క్లర్కు. ఎన్‌చిక్ గోడవైపు కుర్చీలో, టోపీ మోకాలి మీద. మాటలన్నీ ఇంగ్లీషులో జరిగాయి.

"ఏ నీళ్ళతో కడిగావు?"

"జెట్టీ గొట్టంతో సార్."

"అది సముద్రపు నీరని తెలియదా?"

రెండు రాత్రులు నేను తయారు చేసుకున్న జవాబు ఒకటి ఉంది. అబద్ధం ఒక్క ముక్క లేని జవాబు. "ఎన్‌చిక్ రేడియోలో తెలుగులో చెప్పారు సార్. ఆ మాటకి మా ఇంట్లో తాగే నీళ్ళని అర్థం. నేను వేరేగా అర్థం చేసుకున్నాను."

క్లర్కు రాయడం ఆపాడు. కెప్టెన్ ఎన్‌చిక్ వైపు తిరిగాడు. "రేడియోలో మీరు ఇంగ్లీషు కాకుండా వేరే భాషలో ఆర్డరు ఇచ్చారా?"

ఎన్‌చిక్ లేచి నిలబడ్డారు. ఒక్క మాట చాలు ఆయనకి. ఈ కుర్రాడికి రుచి చూడటం మొదటి రోజే నేర్పాను, అడగండి అంటే చాలు. నా మొహం చూసినా కెప్టెన్‌కి అర్థమయ్యేది. నేను ఆ మాట కోసం ఎదురు చూశాను. సగం, అనాలనే కోరుకున్నాను.

"ఎస్ సర్. మై మిస్టేక్ సర్" అన్నారు. "ఐ షుడ్ సే ఫ్రెష్ వాటర్."

"ఇంకేమైనా చెప్పాలా?" అని కెప్టెన్ నన్నే అడిగాడు.

నిజం చెబితే నాకు పడేది మహా అయితే కొన్ని వారాలు సెలవు రద్దు, కొంత అదనపు డ్యూటీ. పోతే ఇంకొన్ని చీవాట్లు. అంతే. దానికి భయపడ్డాను. ఇరవయ్యారేళ్ళ మనిషి టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నారు.

"నో సర్" అన్నాను.

ఆయన ఫైల్లో ఎర్రగీత పడింది. రేడియో నియమం ఉల్లంఘన, పర్యవేక్షణ లోపం. ఆఖరి నెలలు స్టోరులో కూర్చోబెట్టారు, చేతికి గ్రీజు అంటని పని. నాకు ఒక మందలింపు.

మర్నాడు పదింటికి నేను కారప్పూస డబ్బా పట్టుకుని స్టోరుకి వెళ్ళాను. ఆయన బల్ల మీద స్పానర్ల జాబితా సరిచూస్తున్నారు.

"ఎన్‌చిక్, మీరెందుకు చెప్పలేదు? నాకు తెలుసని మీకు తెలుసు కదా" అన్నాను తెలుగులో.

ఆయన తల ఎత్తారు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"కార్పొరల్," అన్నారు. "ఇంగ్లీష్ ప్లీజ్."

డబ్బా వైపు చూసి, "థ్యాంక్యూ. ఐ ఆల్రెడీ మకాన్" అన్నారు. తినేశానని.

ఆ తర్వాత నేను అక్కడున్నది రెండు నెలలు. ఆయన నాతో ఒక్క తెలుగు ముక్క మాట్లాడలేదు. మర్యాదగా, తప్పుల్లేకుండా, ఇంగ్లీషులో సామాను ఇచ్చారు, ఇంగ్లీషులో సంతకం పెట్టించుకున్నారు. ఆయన జీవితంలో తెలుగు మాట్లాడటానికి మిగిలిన ఒకే ఒక్క చోటుని నేను మూసేశాను.

తిరుగు ప్రయాణం ఆగస్టులో, శుక్రవారం, నాలుగున్నర ఫెర్రీ. అదే డఫెల్ బ్యాగు. జెట్టీ మీద ఎర్ర గొట్టం చుట్ట చుట్టి ఉంది. ఇంటికి వచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే గ్లాసు అందించింది. "ముందు మంచినీళ్ళు తాగు నాన్నా." తాగాను. చప్పగా ఉన్నాయి. అమ్మకి కనబడకుండా బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. డ్రైవర్‌ని రెండుసార్లు చూడ్డానికి వెళ్ళాను. ఎడంచేత్తో టీ కలిపి ఇచ్చాడు. "నాట్ యువర్ ఫాల్ట్ బ్రో, రస్ట్ ఈజ్ రస్ట్ లా" అన్నాడు. అతనికీ చెప్పలేకపోయాను. మూడోసారి వెళ్ళలేదు. ఇది అచ్చయ్యాక ఒక కాపీ ఇంగ్లీషులోకి మార్చి అతనికి పంపుతాను. ఎన్‌చిక్‌కి తెలుగు చదవడం రాదు. ఆయనకి వెళ్ళి నోటితోనే చెప్పాలి. ఏ భాషలో వింటారో తెలియదు.

ఇప్పుడు వన్-నార్త్ అనే చోట ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. అక్కడ ఇనుము లేదు, ఉప్పు లేదు. ఈ మధ్య మా టీంలో ఒకడు కెనడా బదిలీ అయి అక్కడో పాత ట్రక్కు కొన్నాడు. చలికాలం రోడ్డు ఉప్పుకి కింద భాగం తుప్పు పట్టకుండా ఏం చెయ్యాలి, నువ్వు ఆర్మీలో ఇదే చేశావుగా అని మెసేజ్ పెట్టాడు. పద్ధతంతా రాసి పంపాను: మంచినీళ్ళతో మూడుసార్లు, వైరు బ్రష్షు, ఒక పూట ఆరబెట్టడం, తర్వాతే పూత. వెంటనే ఇంకో ప్రశ్న వచ్చింది. ఉప్పు పూర్తిగా పోయిందని ఎలా తెలుస్తుంది?

ఇంకా జవాబు రాయలేదు. ఫోను చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ట్రక్కు కింద నాకెదురుగా వెల్లకిలా పడుకుని ఎన్‌చిక్ కనబడతారు. ఎర్రపొడి అంటిన చూపుడు వేలు నాలుక మీద పెట్టుకుని, తల నావైపు తిప్పి చూస్తుంటారు.